టెక్ సందేహాలు: ట్రైలర్ బేరింగులు అసలువేనా? యాప్ చెప్పగలదా?

ప్రశ్న: మాది రెండు ఇరుసుల ట్రావెల్ ట్రైలర్. చక్రాల బేరింగులు మార్చాలనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో వెతికితే ఒకే నంబరుకు రకరకాల ధరలు కనిపిస్తున్నాయి. డబ్బా మీద పెద్ద కంపెనీ పేరే ఉంటుంది, ధర మాత్రం నాలుగో వంతు! నకిలీని పట్టే యాప్ ఏదైనా ఉందా? ఏ బ్రాండు మంచిది?

జవాబు: యాప్‌లు ఉన్నాయి. వాటి దాకా వెళ్లేముందు మీ పాత బేరింగ్ మీద ఏ నంబరు ఉందో చూడాలి. ‘ఫలానా బరువు ట్రైలర్‌కు సరిపోతుంది’ అన్న వివరణ చూసి కిట్ కొనేయడం వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడుతున్నారు. హబ్ (చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగం) విప్పి, గ్రీజు తుడిచి చూస్తే రింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. లోపలి రింగు, రోలర్లు, వాటిని పట్టి ఉంచే కేజ్ కలిపితే కోన్. హబ్‌లో బిగుసుకుని ఉండే బయటి రింగు కప్. రెండింటికీ వేర్వేరు నంబర్లు ఉంటాయి, రెండూ రాసుకోండి.

3,500 పౌండ్ల బరువు మోసే ఇరుసుల్లో ఒక్కో చక్రానికి సాధారణంగా కనిపించే జతలు రెండు. బయటి వైపు ఎల్44649 కోన్, ఎల్44610 కప్. లోపలి వైపు ఎల్68149 కోన్, ఎల్68111 కప్. 7,000 పౌండ్ల ఇరుసుల్లో లోపల 25580, 25520 జత, బయట 14125ఎ, 14276 జత ఎక్కువగా వస్తాయి. ఇవి ఏ ఒక్క కంపెనీ సొంత నంబర్లూ కావు. టిమ్‌కెన్, ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్, కోయో ఎవరు చేసినా ఈ నంబరుకు కొలతలు ఇవే. అందుకే ట్రైలర్ విడిభాగాల దుకాణంలోనే కొనాలనేం లేదు. ఫ్యాక్టరీలకు బేరింగులు అమ్మే డీలర్ దగ్గరా నంబరు చెప్పి తీసుకోవచ్చు. నేనైతే ముందు అక్కడే అడుగుతాను.

నంబరు అరిగిపోయి కనిపించకపోతే డిజిటల్ కాలిపర్ (మందం, వ్యాసం కొలిచే పనిముట్టు) కావాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎల్44643, ఎల్44649 కోన్‌లు రెండూ ఒకే ఎల్44610 కప్‌లో కూర్చుంటాయి. లోపలి రంధ్రం మాత్రం మొదటిదానికి 25.40 మి.మీ., రెండోదానికి 26.99 మి.మీ. మీ స్పిండిల్ (ఇరుసు చివర బేరింగులు ఎక్కే కడ్డీ) 25.40 మి.మీ.ది అయితే రెండో కోన్ కూడా దాని మీద సులువుగానే ఎక్కుతుంది. హబ్‌లోనూ చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. కానీ స్పిండిల్‌కూ కోన్‌కూ మధ్య మిల్లీమీటరున్నర సందు ఉండిపోతుంది. అలాంటి చక్రంతో రోడ్డెక్కడం ప్రమాదం. దీనికి తిరగేసిన కేసూ ఉంది: ఎల్ఎమ్67048, 15123 కోన్‌లకు రంధ్రం ఒకటే, 31.75 మి.మీ. కప్‌లు మాత్రం వేరు: ఒకటి 59.13 మి.మీ., ఇంకొకటి 62 మి.మీ. కాబట్టి స్పిండిల్ మందం, కప్ బయటి వ్యాసం రెండూ కొలవాలి. ఒక్కటి కొలిచి ఆర్డర్ పెట్టకండి.

ఇక యాప్‌ల సంగతి. ఎస్‌కేఎఫ్ ఆథెంటికేట్ యాప్‌లో బేరింగ్, దాని మీది గుర్తులు, డబ్బా ఫొటోలు తీసి పంపితే కంపెనీ నిపుణులు పరిశీలించి జవాబిస్తారు. షెఫ్లర్ కంపెనీ ఒరిజిన్‌చెక్ యాప్ డబ్బా మీది డేటామ్యాట్రిక్స్ కోడ్‌ను (చిన్న చదరపు గళ్ల కోడ్) స్కాన్ చేస్తుంది. పలు కంపెనీల కోడ్‌లు చదివేందుకు ప్రపంచ బేరింగ్ సంఘం తెచ్చిన డబ్ల్యూబీఏ బేరింగ్ ఆథెంటికేటర్ కూడా ఉంది. ఇవి ఉపయోగపడేవే, కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. కోడ్ స్కాన్‌లో యాప్ చదివేది డబ్బా లేబుల్‌ను. అసలు డబ్బాలో వేరే సరుకు పెట్టి అమ్మినా, కోడ్‌ను కాపీ కొట్టినా ఆకుపచ్చ టిక్ ఒక్కదాన్నీ నమ్ముకోలేం. డబ్బా తెరిచి చూడండి. కోన్ మీదా కప్ మీదా బ్రాండు పేరు, నంబరు చెక్కి ఉండాలి. డబ్బా మీద ఒక పేరుండి రింగు మీద ఏమీ లేకపోతే వెంటనే వెనక్కి పంపేయండి. రోలర్ల మీద చేత్తో రుద్ది మెరుగు పెట్టినట్టు గీతలుంటే అది పాతదాన్ని కొత్తగా అమ్ముతున్న సరుకని అనుమానించాలి.

అయినా కొన్నాక పట్టుకునే అవస్థ కంటే, కంపెనీ వెబ్‌సైట్‌లో అధీకృత డీలర్ల జాబితా చూసుకుని అక్కడ కొనడం నయం. పేరున్న బ్రాండ్లలో ఏదైనా నాకు సమ్మతమే. వాటి మధ్య తేడా కంటే అసలుకూ నకిలీకీ మధ్య తేడా చాలా ఎక్కువ. కొన్నప్పుడు కోన్, కప్ జతగానే మార్చండి. పాత కప్ కొట్టి తీయడం కష్టమని దాన్నే వదిలేసి కొత్త కోన్ పెట్టేవాళ్లున్నారు. అరిగిన దారిలో నడిచే కొత్త రోలర్లు త్వరగా పాడవుతాయి.

ఇంకో మాట. అసలు మార్చాల్సిన అవసరం ఉందా? పాత కప్ లోపలి ముఖాన్ని వెలుతురులో పట్టి చూడండి. చిన్న గుంటలు, పెచ్చులు లేచిన చోట్లు, వేడికి నీలంగా మారిన మరకలు ఉంటే తీసేయాల్సిందే. ట్రైలర్ నెలల తరబడి కదలకుండా నిలబడితే లోపలి తేమకు రోలర్లు ఆనిన చోటల్లా సమాన దూరంలో సన్నని నల్లటి గీతలు పడతాయి. వేలి గోరు అక్కడ తట్టుకుంటే అదీ పోయినట్టే. ఇవేవీ లేకుండా అద్దంలా ఉంటే శుభ్రం చేసి, కొత్త గ్రీజు నింపి, కొత్త సీల్ (గ్రీజు కారకుండా ఆపే వలయం) వేసి అదే వాడుకోండి. మంచి బేరింగ్ తీసేసి చవక కిట్ పెట్టడం కంటే నష్టం ఇంకోటి లేదు. కడిగాక గాలి పైపుతో రోలర్లను గిరగిరా తిప్పడం మాత్రం వద్దు. కేజ్ విరిగితే రోలర్లు ముఖం మీదికి ఎగురుతాయి.

సీల్‌ను చిన్న వస్తువని తీసిపారేయకండి. రెండు పెదవుల సీల్ తీసుకోండి, హబ్ విప్పిన ప్రతిసారీ కొత్తది వేయండి. అది కారితే గ్రీజు బ్రేకు షూల మీదికి చేరుతుంది. గ్రీజు విషయానికొస్తే డబ్బా మీద జీసీ-ఎల్‌బీ ముద్ర (చక్రాల బేరింగులకు పనికొస్తుందన్న గుర్తు) ఉన్న లిథియం కాంప్లెక్స్ రకం, ఎన్‌ఎల్‌జీఐ 2 చిక్కదనం సరిపోతుంది. పాతది ఏ రకమో తెలియకపోతే పూర్తిగా కడిగేశాకే కొత్తది నింపండి. కొన్ని రకాలు కలిస్తే పలచబడి కారిపోతాయి.

బిగించేటప్పుడు హబ్‌ను తిప్పుతూ నట్‌ను సుమారు 50 అడుగుల-పౌండ్ల దాకా బిగించి, వదులు చేసి, హబ్ కదపకుండా వేళ్లతోనే మళ్లీ ఆనేదాకా తిప్పి, నట్ కదలకుండా ఆపే కాటర్ పిన్ పెట్టాలి. స్పానర్ బలమంతా చూపించి వదిలేస్తే ఎంత ఖరీదైన బేరింగయినా వేడెక్కి పోతుంది. మీ ఇరుసు మాన్యువల్‌లో వేరే పద్ధతి ఉంటే అదే పాటించండి.

ప్రశ్న: టైర్లకు టీపీఎంఎస్ (గాలి ఒత్తిడి చూపే) సెన్సర్లు పెట్టాను. అవి ఉష్ణోగ్రత కూడా చూపిస్తాయి. బేరింగ్ వేడెక్కితే అవే చెబుతాయి కదా?

జవాబు: చెప్పవు. చెప్పినా ఆలస్యమైపోతుంది. వాల్వు మీద బిగించే సెన్సర్ చూపేది ప్రధానంగా టైరులోని గాలి, దాని చుట్టుపక్కల వేడి. హబ్ వేడి రిమ్ దాటి అక్కడికి చేరేలోపే బేరింగ్ పాడైపోవచ్చు. టైర్ల గాలి కోసం ఆ సెన్సర్లు ఉంచండి, హబ్‌లకు మాత్రం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొనండి. ఆగిన ప్రతిచోటా నాలుగు హబ్‌ల మధ్యభాగానికి దగ్గరగా పట్టి చూడండి. మెరిసే క్రోమ్ మూతల మీద ఇది తక్కువ చూపిస్తుంది. చవక మోడళ్లు 0.95 ఎమిసివిటీకి (ఉపరితలం వేడిని ఎంత వెలువరిస్తుందో చెప్పే అంకె) సెట్ చేసి ఉంటాయి, మెరిసే లోహం అంత వేడిని వెలువరించదు. ప్రతి మూత మీదా ఒక చిన్న మ్యాట్ నలుపు టేప్ ముక్క అంటించి, అక్కడే కొలవండి.

అంకె ఎంత అన్నదానికంటే నాలుగింటినీ పోల్చడం ముఖ్యం. ఎండ తగిలే వైపు కాస్త ఎక్కువ ఉండొచ్చు, బ్రేకు గట్టిగా వేసి ఆగితే అన్నీ పెరుగుతాయి. ఒక్కటే మిగతావాటికంటే బాగా ఎక్కువుంటే ఆ చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి, చేత్తో తిప్పి వినండి. గరగర శబ్దం వస్తే అక్కడినుంచి ముందుకు లాగకండి. సరైన నంబరు కోన్, కప్, సీల్ ఒక్కో సెట్ గ్రీజు పట్టించి డబ్బాలో వెంట ఉంచుకుంటే ఆ పని దారిలోనే అయిపోతుంది.