కొత్త రిజిస్ట్రార్‌కి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు యూనివర్సిటీ రిజిస్ట్రార్‌వి అయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ అమ్మకి సంతోషం, నాకు టెన్షన్. పాఠం బాగా చెప్తావనీ, ఎవరి జోలికీ పోవనీ నీకు పేరుంది. నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లకి నచ్చింది ఆ రెండో గుణమేమోనని నా అనుమానం. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ రిజిస్ట్రారుగా రిటైరైనదాన్ని. నా సర్వీసులో వైస్ ఛాన్సలర్లు (వీసీలు) మారారు, ప్రభుత్వాలు మారాయి, ఫైళ్లు మాత్రం అవే సెక్షన్ల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. నువ్వు అడగలేదు. అయినా రాస్తున్నాను.

యూనివర్సిటీలో దుబారా అనగానే జనానికి కార్లు, ఏసీలు, విదేశీ టూర్లు గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. కానీ నేను చూసినంతలో సంతకం పెట్టకపోవడాన్ని మించిన దుబారా లేదు. డబ్బు తిన్నవాడి మీద ఎప్పటికైనా ఆడిట్ నివేదికలో ఒక పేరా పడుతుంది. ఫైలు మీద కూర్చున్నవాడి మీద ఏ పేరా పడదు. పైగా జాగ్రత్తపరుడన్న పేరొకటి.

మొదటి వారం బొకేలకీ శాలువాలకీ పోతుందని నాకు తెలుసు. (ఆ బొకేల డబ్బు ఏ ఖర్చు హెడ్డు కింద రాస్తున్నారో ఓసారి ఫైనాన్స్ ఆఫీసర్ని అడుగు.) ఆ సందడి తగ్గాక ఎవరికీ చెప్పకుండా ఎగ్జామినేషన్ బ్రాంచ్ కౌంటర్ దగ్గరికి వెళ్లు. ఒరిజినల్ డిగ్రీ కోసమో, మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసమో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లలు ఉంటారు. ఈమధ్యే పూర్తయిన ఒక సర్టిఫికెట్ ఫైలు తెప్పించుకో. అసిస్టెంటు, సూపరింటెండెంటు, అసిస్టెంట్ రిజిస్ట్రార్, డిప్యూటీ రిజిస్ట్రార్, పరీక్షల కంట్రోలర్, అందరి ఇనీషియల్స్ కిందా తేదీలుంటాయి. వాటిని ఒక కాగితం మీద వరసగా రాసుకో. పని జరిగిన రోజులెన్నో, ఫైలు బల్ల మీద పడున్న రోజులెన్నో ఏ కన్సల్టెంటూ అక్కర్లేకుండా నీకే తేలిపోతుంది.

అంతమందిలో టాబ్యులేషన్ రిజిస్టర్ తెరిచి మార్కులు సరిచూసేది ఒక్క అసిస్టెంటే. కిందివాడు చూశాడు కదా అని పైవాళ్లు, పైన ఇంతమంది ఉన్నారు కదా అని కిందివాడు ధీమాగా ఉంటారు. తప్పు బయటపడిన రోజున అందరి సంతకాలూ ఉంటాయి, బాధ్యుడు ఒక్కడూ ఉండడు. ఈలోగా సర్టిఫికెట్ అందని పిల్లాడు పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతాడు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి కాబట్టి దానికో ఫైలు తెరుస్తారు. సర్టిఫికెట్ ఇవ్వడానికి పట్టే కాగితం కన్నా, ఎందుకివ్వలేదో చెప్పడానికి పట్టే కాగితం ఎక్కువ.

కాబట్టి సరిచూసేవాడు ఒకడు, ఆమోదించేవాడు ఒకడు చాలనేలా అధికారాలు కిందికి పంచుతూ రాతపూర్వకంగా ఉత్తర్వు తీయి. అయితే ఉత్తర్వు తీయడం తేలిక. కింద ఎవరిదైనా నిర్ణయం నిజాయితీగా తీసుకున్నదై ఉండి, తర్వాత బెడిసికొడితే, పేషీలో అందరి ముందూ నువ్వు అతని పక్షాన నిలబడాలి. ఒక్కసారి చేతులెత్తేశావో, మర్నాటి నుంచి అగ్గిపెట్టె కొనే ఫైలు కూడా నీ బల్ల మీదికే వస్తుంది.

కొర్రీల సంగతి కూడా చూడు. ఒక కొర్రీ వేస్తారు, దానికి జవాబొస్తే రెండోది వేస్తారు, అదీ తీరిస్తే మూడోది. ఒక ఫైలుకి ఎన్ని కొర్రీలున్నా ఒకేసారి రాయాలని గట్టిగా చెప్పు. ‘చర్చించండి’ అని రాసి ఫైలు వెనక్కి పంపే అలవాటు నీకు మాత్రం అంటుకోనివ్వకు. చర్చించడానికి వెళ్తే అయ్యగారు హైదరాబాద్‌లో ఉంటారు. ఇష్టం లేకపోతే ‘కుదరదు’ అని కారణంతో సహా రాయి. కాదన్న ఫైలు పట్టుకుని మనిషి ఇంకో చోటికైనా పోగలడు.

కమిటీల గురించి ఎంత రాసినా తరగదు. నేను పనిచేసిన చోట ఒక హాస్టల్ నీళ్ల ట్యాంకుకి పగులు వచ్చింది. రిపేరు చేయించమని వార్డెన్ రాస్తే, పరిశీలనకి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ రిపేరు చేయించమంది. ఆ నివేదికని పరిశీలించడానికి ఇంకో కమిటీ. అందులో బయటి సభ్యులకి టీఏలు, డీఏలు, సిట్టింగ్ ఫీజు, గెస్ట్‌హౌస్‌లో భోజనం. అన్నాళ్లూ హాస్టల్‌కి నీళ్లు డబ్బులిచ్చి ట్యాంకర్లతో తోలించారు. ఇందులో ఎవరూ పైసా తినలేదు, లెక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఆడిట్‌లోనూ ఏ అభ్యంతరం రాలేదు. మీ చోట ఇప్పుడు బతికున్న కమిటీల జాబితా అడుగు. ఎప్పుడు వేశారు, ఎప్పటికి నివేదిక ఇవ్వాలి, ఇచ్చిందా? జాబితా తయారుచేయడానికే ఇంకో కమిటీ వేద్దామంటే నవ్వకుండా వద్దని చెప్పు.

ఇక పైవాళ్ల సంగతి. సరైన మనిషి లేకపోవడం ఒక బాధ, అసలు మనిషే లేకపోవడం ఇంకో బాధ. తెలంగాణలో 2019లో వీసీల పదవీకాలం ముగిస్తే కొత్తవాళ్లు 2021 మేలో గానీ రాలేదు. ఆ మధ్యకాలమంతా ఐఏఎస్ అధికారులు తమ శాఖల పని చూసుకుంటూనే ఇన్‌ఛార్జి వీసీలుగా ఉన్నారు. 2024 మేలో మళ్లీ పదవులు ఖాళీ అయ్యాయి, నియామకాలు అక్టోబరు దాకా జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారగానే చాలామంది వీసీలు రాజీనామాలు చేశారు. కొత్తవాళ్ల నియామకం మొదలయ్యేసరికి 2025 ఫిబ్రవరి వచ్చింది. ఇన్‌ఛార్జి సారు వారానికోసారి వస్తే గొప్ప, వచ్చినా ‘రెగ్యులర్ వీసీ వచ్చాక చూద్దాం’ అంటారు. ఆ రెగ్యులర్ వీసీ మూడేళ్ల కాలంలో మొదటి ఏడాది పాతవాళ్ల మీద విచారణలకీ, చివరి ఏడాది పొడిగింపు పైరవీకీ పోతుంది. మధ్యలో మిగిలిన కాస్త కాలంలోనే నీలాంటివాడు ఏదైనా చేయగలిగేది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పెట్టినప్పుడు మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1930లో ఉద్యమకారుల మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకి నిరసనగా ఆయన ఆ పదవి వదిలేసి వెళ్లారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. 1936లో మళ్లీ కట్టమంచి వారే వచ్చారు. వీసీలు రాజీనామా చేయడం మనకి కొత్తేమీ కాదు. అప్పుడు ఎందుకు చేశారో, ఇప్పుడు ఎందుకు చేస్తున్నారో పక్కపక్కన పెట్టి చూడు.

మీ వీసీ ఎలాంటివారో నాకు తెలియదు. ఎలాంటివారైనా సరే, నోటిమాట మీద ఏ పనీ చేయకు. వినయంగా ‘అలాగే సార్’ అని గదికి వచ్చి, ‘వీసీ గారు ఈ తేదీన మౌఖికంగా ఆదేశించిన మేరకు’ అని నోటు రాసి ఆమోదం కోసం పైకి పంపు. అలాంటి ఆదేశాల్లో సగం ఆ నోటు చూడగానే ఆవిరైపోతాయి. ‘పాలకమండలి ఆమోదానికి లోబడి’ అనే మాట మీద కూడా ఒక కన్నేసి ఉంచు. ముందు పని చేసేసి తర్వాత మండలి ఆమోదం తెచ్చుకోవడానికి, అత్యవసరానికి పెట్టిన వెసులుబాటు అది. దాని కింద డీన్లు పుట్టారు, డైరెక్టర్లు పుట్టారు, ఒక్కొక్కరికీ గది, అలవెన్సు, అటెండరు. పాఠం చెప్పాల్సిన ప్రొఫెసర్లంతా కోఆర్డినేటర్లయి కూర్చుంటే క్లాసుకి వెళ్లేది గెస్ట్ లెక్చరర్లే.

వాళ్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. పర్మనెంట్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. తెలంగాణలో యూనివర్సిటీల నియామకాలకి కామన్ రిక్రూట్‌మెంట్ బోర్డు బిల్లు 2022లో శాసనసభ దాటి గవర్నర్ దగ్గర ఆగింది. ఆంధ్రాలో నోటిఫికేషన్లు కోర్టుల్లో చిక్కుకున్నాయి. అవి నీ చేతిలో లేవు. గెస్ట్ లెక్చరర్ జీతం బిల్లు మాత్రం నీ చేతిలో ఉంది. పీరియడ్‌కి 1500, నెలకి 50 వేల దాకా ఇవ్వొచ్చని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2019లోనే చెప్పింది. మీ దగ్గర ఎంత ఇస్తున్నారో నాకన్నా నీకే బాగా తెలుసు. ఆ ఇచ్చేదైనా నెలనెలా ఇవ్వరు. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం లేదని, ఏదో ఒక వారం హాజరు అతకలేదని సెమిస్టర్ చివరికి గానీ డబ్బు పడదు. పీహెచ్‌డీ చేసి, పిల్లల ఫీజు కట్టడానికి అప్పు చేస్తున్న మనిషి బిల్లు అది. డీన్ గారి కారు డీజిల్ బిల్లు ఏ రోజుకి పాసవుతుందో, ఇది ఏ రోజుకి పాసవుతుందో రెండు తేదీలూ చూసి, ముందు వెళ్లాల్సినదాన్ని ముందుకు తోయి. రిజిస్ట్రార్‌గా ఇంకేమీ చేయలేకపోయినా ఈ ఒక్కటి చేయి నాన్నా.

పీహెచ్‌డీ అన్నాను కదా. థీసిస్ ఇచ్చాక ఆరు నెలల్లో మూల్యాంకనం మొత్తం ముగిసేలా చూడాలని యూజీసీ నిబంధన. ఎగ్జామినర్‌కి ఉత్తరం వెళ్లడానికే అందులో సగం గడిచిపోతున్న చోట్లున్నాయి. మీ దగ్గర ఎలా ఉందో చూసుకో.

మార్చి నెల వచ్చేసరికి కొనుగోళ్ల జ్వరం పట్టుకుంటుంది. 31లోపు ఖర్చు పెట్టకపోతే గ్రాంటు వెనక్కి పోతుందని, ఎవరూ అడగని ప్రింటర్లు, ఎవరూ వాడని స్మార్ట్ బోర్డులు దిగుతాయి. కొనే ముందు పాత స్టాకు రిజిస్టర్ తీసుకుని గోడౌన్‌కి స్వయంగా వెళ్లు. విప్పని పెట్టెలు కనిపిస్తే ఆ సంవత్సరం కొనమని ఎవరు ఇండెంట్ పెట్టారో రాసుకుని, ఈసారీ ఆ పేరే ఉందేమో చూడు. అడ్వాన్సులు తీసుకుని బిల్లులివ్వని వాళ్ల జాబితా కూడా అప్పుడే అడుగు. అందులో పెద్ద పేర్లుంటాయి. వాళ్లు సర్దుబాటు చేయక, నిధులు ఖర్చుపెట్టామని పంపాల్సిన ధ్రువపత్రాలు (యూసీలు) వెళ్లవు, యూసీ వెళ్లక తర్వాతి విడత నిధులు రావు. ఎండలో లైన్లో నిలబడ్డ పిల్లాడికి మాత్రం ‘ఫండ్స్ లేవమ్మా’ అని చెప్తారు.

యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే న్యాక్ టీం వస్తోందంటే పెళ్లివారిల్లే. గోడలకి సున్నాలు, దారికిరువైపులా అద్దె పూలకుండీలు, ఏడాదిగా పనిచేయని లిఫ్టు ఆ మూడు రోజులూ పనిచేస్తుంది. తనిఖీ బృందం సభ్యులనే లంచం ఆరోపణ మీద సీబీఐ అరెస్టు చేసిన సంగతి 2025 ఫిబ్రవరిలో పేపర్లో చదివే ఉంటావు. ఆ గ్రేడు కోసం పెట్టే ఖర్చులో కొంత ల్యాబ్ కెమికల్స్‌కి మళ్లించమని అడుగు. ఒప్పుకోకపోవచ్చు. అడిగినట్టు మినిట్స్‌లో ఉంటే చాలు.

కోర్టు కేసుల రిజిస్టర్‌ ప్రతి సోమవారం నీ బల్ల మీద ఉండాలి. నోటీసు నీ హోదా పేరునే వస్తుంది. కోర్టులో మన జవాబు (కౌంటర్) వేయక ఓడిన కేసులు, తీర్పు అమలు చేయక కోర్టు ధిక్కారం దాకా వెళ్లిన కేసులు నేను కళ్లారా చూశాను. ఇవ్వాల్సిన ఇంక్రిమెంటు ఇచ్చి ఉంటే, ఆ లాయర్ ఫీజు మిగిలేది.

నీ క్లాసు మాత్రం పూర్తిగా వదిలేయకు, వారానికి ఒక్కటైనా చెప్పు. ఫీజు పెంచినా, మెస్ చెడినా, ఫలితాలు ఆలస్యమైనా నీకు మొదట తెలిసేది అక్కడే, సెక్షన్ నుంచి నోటు రావడానికి చాలా ముందే.

దిగిపోయే రోజుకి ఇవ్వాల్సిన అప్పగింతల నోటు ఇప్పటి నుంచే రాసుకుంటూ ఉండు. ఏ కేసు ఏ దశలో ఉంది, ఏ అడ్వాన్సు ఎవరి పేరున ఉంది, ఏ హామీ ఎవరికిచ్చాం, అన్నీ తేదీలతో ఉండాలి. నీ ముందున్నాయన అలాంటి నోటు నీకిచ్చాడో లేదో మీ అమ్మనడిగితే దానికి తెలియదంది. ఇవ్వకపోతే రేపే ఆయనకి ఉత్తరం రాసి అడుగు, ఫైనాన్స్ ఆఫీసర్‌కి ఒక కాపీ పెట్టు.

ఉంటాను.

మీ పెద్దమ్మ