ఇటరేటర్‌ను ‘పునరుక్తి’ అనవచ్చునా?

సందేహం: బడిపిల్లల కోసం తెలుగు మాటలతో నడిచే చిన్న ప్రోగ్రామింగ్ భాషను తయారుచేస్తున్నాము. జాబితాలోని అంశాలను ఒకదాని తరువాత ఒకటిగా అందించే ఇటరేటర్‌కు ‘పునరుక్తి’ అని పేరు పెట్టాము. మిత్రుడొకరు ‘ఆవర్తకం’ మేలంటున్నారు. ఏది సరి? జాబితా ముగిసినప్పుడు దానిచేత ‘లేదు’ అనిపించాలా, ‘అయిపోయింది’ అనిపించాలా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: రెండు పేర్లూ సరిపోవు. ఇటరేటర్ అనే మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు ‘మళ్లీ చేయడం’ అనే అర్థం ఉన్న మాట నిజమే. కాని పేరు వస్తువు చేసే పనిని బట్టి పెట్టాలి. పునరుక్తి అంటే చెప్పినదే తిరిగి చెప్పడం. మన ఆలంకారికులు దానిని దోషాలలో లెక్కించారు. ఆవర్తనమంటే అదే మళ్లీ రావడం. 1/3ను దశాంశంగా రాస్తే 3 ఎడతెగక వస్తుంది కనుకనే గణితంలో దానిని ఆవర్తన దశాంశమన్నారు. ఇటరేటర్ ఈ రెండు పనులూ చేయదు. జాబితాలో ఎంతవరకు వచ్చిందో గుర్తుంచుకొని, అడిగినప్పుడల్లా తరువాతి అంశాన్ని అందిస్తుంది. మాటిమాటికీ జరిగేది దానిని అడగడం మాత్రమే. ఆ పని లూప్‌ది, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశానిది. లూప్‌ను ఆవృత్తి అంటే నాకు అభ్యంతరం లేదు.

చెరువు కింది సేద్యం ఎరిగిన మీ జిల్లాలో దీనికి చక్కని పోలిక నీరటికాడు. తూము తీసి వంతు ప్రకారం మళ్లకు నీరు పారించే ఆ మనిషి చెరువూ కాదు, మడీ కాదు. ఏ మడి వరకు తడిసిందో మనసులో ఉంచుకొనేవాడు. జాబితా వేరు, దాని వెంట నడిచే ఇటరేటర్ వేరు అనే భేదం ఇదే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒకే లిస్టు (జాబితా) మీద ఒక లూప్ లోపల మరొక లూప్ నడిచినా లెక్క కలగాపులగం కాకపోవడానికి కారణం, లిస్టు ప్రతి లూప్‌కూ కొత్త ఇటరేటర్‌ను ఇవ్వడమే. నీరు పారుతుండగా ఎవరో గట్టు తెంచి రెండు మళ్లను ఒకటి చేస్తే నీరటికాడి లెక్క తప్పినట్లే, నడుమ జాబితాను మారిస్తే ఇటరేటర్ లెక్క కూడా తప్పుతుంది. మీ భాషలో దానికి ఏం జరగాలో ముందే నిర్ణయించుకోండి.

పేరు మాటకు వస్తే, ట్రాక్టర్‌ను ట్రాక్టర్ అన్నట్లే ఇటరేటర్‌నూ ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. తెలుగుతనం చూపవలసిన చోటు లూప్ మొదటి మాట. అక్కడ చాలామంది ‘ప్రతి’ అని రాస్తారు. ‘ప్రతి విద్యార్థికి పుస్తకం ఇవ్వు’ అంటే ఎవరినీ వదలవద్దని అర్థమే గాని, వరుస సంగతి అందులో లేదు. ‘ఒక్కొక్క విద్యార్థిని పిలువు’ అంటే ఒకరి తరువాత ఒకరని స్ఫురిస్తుంది. ఒక్క, ఒక్క కలిసి ఒక్కొక్క అయింది. ఇందులో రెండవ రూపాన్ని వ్యాకరణంలో ఆమ్రేడితమంటారు. మాట రెండుసార్లు వచ్చినా ఇది పునరుక్తి దోషం కాదు, ఎందుకంటే రెండవ ‘ఒక్క’ మొదటిదానిని సూచించదు. జంటలుగా అందించవలసి వస్తే ‘రెండేసి’ అనే మాట సిద్ధంగా ఉంది.

ఇక ముగింపు. ‘లేదు’ అనేది ఈ క్షణానికి చెందిన మాట, కాసేపటికి ఉండవచ్చు. ‘అయిపోయింది’లోని ‘పో’ ఆ ఆశను తెంచివేస్తుంది. మన వైపు పిల్లలకైతే ‘ఒడిసింది’ అంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఈ భేదం ప్రోగ్రామింగ్ భాషలలోనూ ఉన్నది. ఒకసారి ముగిసిందని చెప్పిన ఇటరేటర్ ఆ తరువాత ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాలని పైథాన్ నియమం, అది అయిపోవడం. రస్ట్‌లో ఒకసారి ఏమీ లేదన్న ఇటరేటర్ మళ్లీ అంశాన్ని ఇవ్వడానికి నిషేధం లేదు, అది లేకపోవడం. మీరు పైథాన్ దారిని ఎంచుకొన్నా ‘అయిపోయింది’తో ఒక చిక్కు ఉంది. జాబితా మొదటినుంచీ ఖాళీ అయితే, ఎన్నడూ లేనిది అయిపోవడం తెలుగులో కుదరదు. ‘ఇక రాదు’ అనిపించండి. ఖాళీ జాబితాకూ ముగిసిన జాబితాకూ అది చెల్లుతుంది. 1, 2, 3 అంటూ సహజసంఖ్యలన్నిటినీ అందించే ఇటరేటర్‌కు మాత్రం ఆ మాట పలికే అవసరం ఎన్నటికీ ఉండదు.