కెగ్‌లో బీరు: గ్యాస్ తక్కువైందా, ఎక్కువైందా?

ప్రశ్న: ఇంట్లో తయారుచేసిన బీరును 19 లీటర్ల కార్నీ కెగ్‌లో (స్టీలు పీపాలో) పోసి, ఫ్రిజ్‌లో పెట్టి 12 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) దగ్గర కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఇచ్చాను. రెండు రోజులైనా చప్పగానే ఉంది. విసుగొచ్చి 30కి పెంచి పది నిమిషాలు ఊపాను. ఇప్పుడు గ్లాసు నిండా నురగే, తాగితే మాత్రం చప్పన. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: 12 సరైన లెక్కే, తొందరే కొంప ముంచింది. పైనున్న ఒత్తిడిని బట్టే ద్రవంలో గ్యాస్ కరుగుతుందని విలియం హెన్రీ 1803లోనే తేల్చాడు. చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ కరుగుతుంది. బీరు 38 డిగ్రీల ఫారన్‌హీట్‌లో ఉంటే 12 పీఎస్‌ఐకి లీటరు బీరులో దాదాపు రెండున్నర లీటర్ల గ్యాస్ చేరుతుంది. 70 డిగ్రీల గదిలోనైతే అంతే గ్యాస్‌కు 30 దాకా కావాలి. ఫ్రిజ్ మీటను నమ్మకండి, లోపల గ్లాసుడు నీళ్లు పెట్టి థర్మామీటరుతో చూడండి.

కదలని కెగ్‌లో గ్యాస్ తగిలేది జానెడు వెడల్పున్న పై పొరకే. అది అడుగుదాకా దిగడానికి వారం, పది రోజులు పడుతుంది. ఊపితే పని నిమిషాల్లో అవుతుంది, కానీ 30 దగ్గర ఊపితే ఎక్కడ ఆపాలో తెలీదు. మీ బీరులో గ్యాస్ ఎక్కువైంది. పోసేటప్పుడే అదంతా నురగై పోతోంది, అందుకే నాలుక్కి చప్పన.

గ్యాస్ లైను తీసేసి, రిలీఫ్ వాల్వు లాగి ఒత్తిడి వదలండి. రెండు మూడు గంటలకోసారి, ఒక రోజంతా ఇలాగే చేయండి. ఆ తర్వాతే 12కి కలపండి. కెగ్‌లో ఒత్తిడి ఎక్కువున్నప్పుడు కలిపితే బీరు వెనక్కి ఎక్కి, గ్యాస్ ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటరును పాడుచేస్తుంది. ఈసారి తొందరైతే, బాగా చల్లబడ్డాక 30 దగ్గర ఒక రోజు ఊపకుండా ఉంచి, వదిలి, 12కి దించండి.

అప్పటికీ నురగే వస్తే కెగ్ నుంచి కుళాయికి బీరు వచ్చే గొట్టం చూడండి. లోపలి వ్యాసం 3/16 అంగుళాలైతే పది అడుగులుండాలి. పొట్టి గొట్టంలో రాపిడి చాలక బీరు దూకుడుగా వచ్చి పొంగుతుంది. మొదటి గ్లాసు ఒక్కటే పొంగితే మాత్రం కుళాయి వెచ్చగా ఉందన్నమాట.

ప్రశ్న: అయిదు పౌండ్ల గ్యాస్ సిలిండరు రెండు కెగ్‌లకే అయిపోయింది. మొన్నటిదాకా గేజి ముల్లు కదల్లేదే!

జవాబు: సిలిండరు లోపల గ్యాస్ ద్రవంగా మిగిలినంతసేపూ ముల్లు కదలదు. సిలిండరును తూకం వేసి, దాని మీద కొట్టిన ఖాళీ బరువు తీసేయండి. ఒక కెగ్ బీరులో కరిగేది వంద గ్రాములలోపే, కాబట్టి మీకు లీకుంది. మూత రబ్బరు రింగుకీ, గొట్టాలు తగిలించే రెండు పోస్టులకీ సబ్బునీళ్లు పూసి, బుడగలు ఎక్కడొస్తాయో చూడండి.