‘చినబాబు’లో ఐదుగురు అక్కలూ ఆస్తి ఎందుకు అడగలేదు?

ఐదుగురు అక్కలున్న ఇంట్లో పొలమంతా తమ్ముడొక్కడే సాగు చేసుకుంటుంటే, ఒక్క అక్క కూడా తన వాటా సంగతి ఎత్తకపోవడం నమ్మదగినదేనా, లేక దర్శకుడు కావాలనే దాన్ని దాటవేశారా అని మీరు అడిగారు. అలాంటి ఉమ్మడి కుటుంబాలు తమిళ పల్లెల్లో ఇంకా ఉన్నాయా అన్నది మీ రెండో ప్రశ్న. నా ఉద్దేశంలో ఆ సినిమాలో ఆస్తి గొడవ మొదటి నుంచీ నడుస్తూనే ఉంది, అయితే అది పెళ్లి మాటల చాటున నడుస్తుంది. మా అమ్మ పుట్టిల్లు తమిళనాడులో గుడియాత్తం దగ్గరి పల్లె, మా నాన్నగారిది చిత్తూరు వైపు ఊరు. రెండు వైపులా పంపకాలు దగ్గరుండి చూశాను కనుక ఈ మాట కాస్త ధైర్యంగానే చెబుతున్నాను.

సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. తమిళంలో ‘కడైకుట్టి సింగం’గా, తెలుగులో ‘చినబాబు’గా 2018 జులైలో విడుదలైన ఈ చిత్రానికి పాండిరాజ్ దర్శకుడు, కార్తి కథానాయకుడు, కార్తి అన్న సూర్యకు చెందిన 2డి ఎంటర్‌టైన్‌మెంట్ నిర్మించింది. మగబిడ్డ కావాలన్న పంతంతో తండ్రి పాత్రధారి సత్యరాజ్ రెండో పెళ్లి కూడా చేసుకుంటాడు; ఐదుగురు ఆడపిల్లల తర్వాత గాని కొడుకు పుట్టడు. ఆ కొడుకు పెరిగి పెద్దవాడై వ్యవసాయంలో స్థిరపడేసరికి, ఇద్దరు అక్కల కూతుళ్లు మేనమామనే చేసుకుంటామని ఎదురుచూస్తుంటారు. అతడేమో బయటి అమ్మాయిని, అంటే సాయేషాను, ఇష్టపడతాడు. ఇల్లు చీలేది అక్కడే.

ఈ మేనకోడళ్ల పోటీని చాలామంది హాస్యం కింద తీసేస్తారు. కాని అక్క తన కూతురిని తమ్ముడికివ్వడం దక్షిణాది వ్యవసాయ కుటుంబాలు తరతరాలుగా నమ్ముకున్న ఆస్తి ఏర్పాటు. ఆడపిల్లకు పొలం రాసిస్తే అది అల్లుడి ఊరివాళ్ల చేతికి పోతుందన్నది తండ్రుల భయం. వాటా అడగకుండా అత్తవారింటికి వెళ్లిపోయిన అక్క తన కూతురిని తమ్ముడికిచ్చి చేసిందనుకోండి, ఆ కూతురు అదే పొలానికి యజమానురాలవుతుంది, మనవడు హక్కుదారుడవుతాడు. తల్లి వదులుకున్నది కూతురి ద్వారా తిరిగి వస్తుంది, పొలం గట్టు మాత్రం కదలదు. అందుచేత ‘నా కూతురినే చేసుకోవాలి’ అని ఇద్దరక్కలు పట్టుబట్టడమంటే ఒకే పొలం మీద ఇద్దరు హక్కు చెప్పుకోవడమే, తమ్ముడు బయటి పిల్లను తెస్తాననడమంటే ఆ ఇద్దరికీ ఒక్కసారిగా ఇక మీకేమీ లేదని చెప్పడమే. ఒక ప్రేమ వ్యవహారానికి అంత పెద్ద కుటుంబం ఎందుకు విడిపోవాలన్న అనుమానం ఈ లెక్క తెలిసినవారికి రాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిళ్లను నిషేధిస్తూనే, ఆచారం ఒప్పుకున్న చోట మినహాయింపునిచ్చింది. ఆ మినహాయింపు మీదే మన వైపు మేనరికాలు నిలబడి ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కూడా తమిళనాడులో పెళ్లయిన స్త్రీలలో నాలుగింట ఒక వంతుకు పైగా బంధువులనే చేసుకున్నవారు.

మా అమ్మమ్మకు నలుగురు ఆడపిల్లలు, ఒక్క మగపిల్లవాడు. పెద్దమ్మ కూతురు పుట్టినప్పుడే ‘మామయ్య పెళ్లాం’ అని అందరూ పిలిచేవారట. మామయ్య మాత్రం వేలూరులో ఉద్యోగం చేస్తూ అక్కడి సంబంధమే చేసుకున్నాడు. పెద్దమ్మ ఆ పెళ్లికి వచ్చింది, అందరికంటే ఎక్కువగా పందిట్లో తిరిగింది, మొయ్యి కూడా ఘనంగానే చదివించింది. మొయ్యి అంటే పెళ్లిలో ఇచ్చే చదివింపుల డబ్బు, ఎవరు ఎంత ఇచ్చారో అక్కడ నోటు పుస్తకంలో రాసి ఉంచుతారు. ఆ విషయం అంతటితో ముగిసిందని మేమందరం అనుకున్నాం. 2011లో తాతగారు పోయాక కొబ్బరితోట సంగతి వచ్చినప్పుడు ఆమె నోట వెలువడిన మొదటి మాట, ‘నా కూతురిని చేసుకుని ఉంటే నేను సంతకం పెట్టడానికి ఆలోచించేదాన్నా?’ అని.

సంతకం అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. తాతగారి పేరిట ఉన్న పట్టా, తహసీల్దారు ఇచ్చిన వారసుల ధ్రువపత్రం ఆధారంగా, అమ్మమ్మ, మామయ్య, నలుగురు కూతుళ్ల పేర్లతో ఉమ్మడి పట్టాగా మారింది. ఆరుగురి పేర్లున్న పట్టా మీద పంట రుణం పుట్టడం కష్టమైంది, బోరు వేయాలన్నా, కొంత అమ్మాలన్నా అందరూ రావలసిందే. అక్కచెల్లెళ్లు తమ హక్కును వదులుకుంటున్నట్టు విడుదల పత్రం రిజిస్టరు చేసిస్తే తన పేరిట విడిగా పట్టా చేయించుకుంటానని మామయ్య అడిగాడు. ఆ రోజు పొద్దున్నే ఆయన నాలుగు పళ్లాలలో చీర, పసుపు, కుంకుమ, తాంబూలం, ఒక్కొక్క బంగారు కాసు పెట్టుకుని వచ్చాడు. దస్తావేజు రాసే ఆయన పత్రం చదువుతుంటే మా అమ్మ వినలేదు. చీర అంచు వేళ్లతో సవరిస్తూ ఉండిపోయింది. అమ్మ, ఇద్దరు పిన్నులు సంతకాలు పెట్టారు. పెద్దమ్మ పళ్లెం తీసుకుని కలం ముట్టుకోలేదు. చివరికి రోడ్డు పక్కన నలభై సెంట్లు ఆమె పేరిట రాసిచ్చాక గాని ఆ వ్యవహారం తెమలలేదు.

చట్టం దృష్టిలో ఆమె అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కునిచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి, తమిళనాడు 1989 మార్చి 25 నుంచి. రెండు చోట్లా అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లను మినహాయించారు. దీనివల్ల మా ఇంట్లో విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. 1986లో పెళ్లయిన మా మేనత్తకు చిత్తూరు వైపు ఆ హక్కు ఉంది, 1987లో పెళ్లయిన పిన్నికి గుడియాత్తంలో లేదు, 1991లో పెళ్లయిన చిన్న పిన్నికి ఉంది. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ ఈ తేడాను తొలగించి, పెళ్లితో సంబంధం లేకుండా కూతుళ్లందరినీ సమానం చేసింది. తాతగారు 2011లో పోయారు కనుక నలుగురికీ మామయ్యతో సమానంగానే వాటా ఉంది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న మీమాంసను కూడా సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో, అక్కరలేదని తేల్చింది.

మరి హక్కు ఉన్న ముగ్గురు ఎందుకు వదులుకున్నారు? మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉంది. తమిళ పల్లెల్లో సారె పెళ్లితో ఆగదు. ఏటా పొంగల్‌కు ముందు కొత్త బియ్యం, బెల్లం, చెరకు గడలు, పసుపు మొక్క, చీర అన్నదమ్ముల ఇంటి నుంచి రావాలి. మేనల్లుడికి చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. మేనకోడలు ఈడేరితే మొదటి చీర ఆయనే తేవాలి. వాటా అడిగిన ఆడపడుచుకు ఇవన్నీ ఆగిపోతాయి. నలభై సెంట్లు రాయించుకున్నాక పెద్దమ్మ ఇంటికి పొంగల్ సారె రాలేదు. ఆమె మనవరాలి చెవులు కుట్టించిన రోజు కుర్చీలో మేనమామ వరస అయ్యే వేరొకరు కూర్చున్నారు. వదులుకున్న పొలం ధరతో పోలిస్తే ఈ సారె ఖరీదు ఏపాటిదో మా అమ్మకు తెలియక కాదు. అత్తవారింట్లో ఏదైనా తేడా వస్తే వెనక పుట్టిల్లు ఉందన్న భరోసా కోసం ఆమె ఆ ధర చెల్లించింది. సినిమాలో కార్తి పాత్ర అక్కల ఇళ్లకు తిరుగుతూ, అవసరానికి ఆదుకుంటూ, అందరినీ మెప్పించాలని తపన పడటం మంచితనంగా చూపించారు. మంచితనమే కావచ్చు, కాని వాళ్లు అడగని వాటాకు అది వాయిదాల చెల్లింపు కూడా.

దర్శకుడు తప్పించుకున్నది ఒకటుంది, దాన్ని మాత్రం నేను ఒప్పుకోను. తండ్రి రెండో పెళ్లిని సినిమా దాదాపు ముద్దుగానే చూపిస్తుంది, ఇద్దరు భార్యలు ఒకే ఇంట్లో కలిసిమెలిసి ఉంటారు. 1955 చట్టం ప్రకారం మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. ఆ భార్యకు వారసత్వం లేదు; పిల్లలకు మాత్రం తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే భాగంలోనే వారికి వాటా అని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. అంటే ఆ అక్కచెల్లెళ్లందరి వాటా ఒకటి కాదు. సత్యరాజ్ పాత్ర కన్నుమూసిన మర్నాడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు, సినిమా అంతదూరం వెళ్లదు. అలాగే ఆ పొలం ఎప్పుడూ పండుతూనే ఉంటుంది. రెండేళ్లు వరసగా వాన రాక సారెకు డబ్బు లేని తమ్ముడిని ఏ దర్శకుడూ కథానాయకుడిగా పెట్టడు.

మీ రెండో ప్రశ్నకు వస్తే, ఒకే పొయ్యి మీద వండుకుని తినే కుటుంబాలు మా చుట్టుపక్కల నాకు తెలిసి ఒకటి రెండుకు మించి లేవు. కాగితాల మీది ఉమ్మడి కుటుంబాలు మాత్రం కోకొల్లలు. తాత పేరిట పట్టా, బెంగళూరులో ఒకరు, చెన్నైలో ఒకరు, ఊళ్లో సాగు చేసేది ఇంకొకరు. మీరు సినిమా మళ్లీ చూస్తే అక్కలు పెళ్లి గురించి వాదించుకునే సన్నివేశాల్లో ‘పెళ్లి’ అన్న ప్రతి చోటా ‘పొలం’ అన్న మాట పెట్టుకుని వినండి, ఒక్క మాట కూడా మార్చనక్కరలేదని మీకే తెలుస్తుంది.