రక్షణ ఉత్తర్వు వచ్చింది, కానీ నా కేసు లెక్కల్లో లేదట!

ప్రశ్న: గృహ హింస చట్టం కింద నిరుడు మేజిస్ట్రేటు కోర్టు నాకు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. పోలీసు కేసు పెట్టలేదు. ఈ చట్టం కింద దేశం మొత్తమ్మీద ఏడాదికి ఐదు వందల కేసులు కూడా లేవని పేపర్లో వచ్చింది. అది పట్టుకుని మావారు ‘నీ కేసు ప్రభుత్వ రికార్డుల్లోనే లేదు, ఆ కాగితం చెల్లదు’ అంటున్నారు. నిజమేనా? పోనీ లెక్కల్లోకి ఎక్కితే నా పేరు బయటికి వస్తుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: ఆ కాగితం నిక్షేపంగా చెల్లుతుందమ్మా. కోర్టు ఉత్తర్వుకు బలం చట్టం నుంచి వస్తుంది. పేపర్లో పడిన అంకెతో దానికి సంబంధం లేదు. మీవారు చదివిన అంకె తప్పని కాదు, అది లెక్కపెట్టింది మీ కేసులాంటివాటిని కాదు.

ఆ లెక్క జాతీయ నేర నమోదు సంస్థది (ఎన్‌సీఆర్‌బీ). పోలీసు స్టేషన్‌లో కట్టిన ఎఫ్‌ఐఆర్‌ల వివరాలు జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్ర నేర నమోదు విభాగానికి, ఆపైన ఢిల్లీకి వెళ్తాయి. అన్నీ కలిపి ఏటా ఒక నివేదిక వేస్తారు. అది కూడా ఆలస్యమే, 2022 లెక్కలు 2023 డిసెంబరులో బయటికొచ్చాయి. ఈ దారంతటికీ మొదటి మెట్టు ఎఫ్‌ఐఆర్. మీది ఆ దారిన వెళ్లలేదు. ప్రొటెక్షన్ ఆఫీసర్ (ఈ చట్టం కింద బాధితులకు సాయపడే అధికారి) రాసిన గృహ హింస నివేదిక (డీఐఆర్), ఉత్తర్వు కోరుతూ మేజిస్ట్రేటుకు పెట్టే సెక్షన్ 12 దరఖాస్తు, కోర్టు ఇచ్చే గృహ హింస కేసు (డీవీసీ) నంబరు, ఉత్తర్వు... ఇదంతా మేజిస్ట్రేటు దగ్గర నడిచిన వ్యవహారం. సెక్షన్ 12 దరఖాస్తును నేరంపై చేసిన ఫిర్యాదుతో సమానంగా చూడకూడదని సుప్రీంకోర్టు కూడా 2022లో చెప్పింది. ఈ చట్టంలో నేరం పుట్టేది ప్రధానంగా ఒక్కచోట, కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ఎదుటివాళ్లు ఉల్లంఘించినప్పుడు. అది సెక్షన్ 31. అందుకే ఎన్‌సీఆర్‌బీ పట్టికలో ఈ చట్టం ఎదురుగా ఏటా కొన్ని వందలే కనిపిస్తాయి. ఎన్ని వేల డీవీసీలు నడిచినా ఆ గడిలో పడవు.

అదే నివేదికలో, అదే 2022కు, ‘భర్త లేదా అతని బంధువుల క్రూరత్వం’ అనే గడి చూడండి. 1,40,019 కేసులు. అది పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 498ఏ. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85 అయింది. మీరు స్టేషన్‌కు వెళ్లి ఉంటే ఈ గడిలో ఒక అంకె అయ్యేవారు. అక్కడా ఒక మెలిక ఉంది. ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని సెక్షన్లున్నా, అన్నిటికన్నా పెద్ద నేరం కిందే దాన్ని లెక్కేస్తారు. ఏళ్లతరబడి కొట్టి, చివరికి ఆమె చనిపోతే అది వరకట్న మరణం గడిలోకి పోతుంది. క్రూరత్వం గడిలో మళ్లీ కనపడదు. పదేళ్లు దెబ్బలు తిన్న మనిషి ఒక్క ఎఫ్‌ఐఆర్ ఇస్తే అదీ ఒకటే. ఇక మహిళా హెల్ప్‌లైన్ 181కు చేసిన ఫోన్లు, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలకు వచ్చినవాళ్లు, మహిళా కమిషన్‌కు అందిన ఫిర్యాదులు... ఎవరి ఖాతా వారిదే. వీటన్నిటినీ ఒకచోట కలిపి కూడితే ఒకే మనిషి మూడుసార్లు లెక్కకు రావచ్చు, కాబట్టి అదీ కుదరదు.

స్టేషన్ గడప తొక్కనివాళ్ల సంగతి తెలియాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడాలి. ఎంపిక చేసిన ఇళ్లలో, ఇంటికి ఒక్క మహిళనే, పక్కన ఎవరూ లేనప్పుడే ఈ ప్రశ్నలు అడుగుతారు. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం వదిలేస్తారు. 2019–21 సర్వేలో 18–49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించామన్నారు. హింసకు గురైనవాళ్లలో ఎవరినైనా సాయం అడిగింది 14 శాతమే. పోలీసు లెక్కకూ ఈ లెక్కకూ మధ్య ఎంత దూరముందో మీకే తెలుస్తుంది. ఫలానా రాష్ట్రంలో కేసులు పెరిగాయంటే అక్కడ హింస పెరిగిందనే అనుకోనక్కర్లేదు. ఫిర్యాదు తీసుకునే స్టేషన్లు పెరిగి ఉండొచ్చు.

మీవారు రేపు ఇంకో లెక్క తెచ్చినా ఆశ్చర్యం లేదు, ‘ఈ కేసుల్లో చాలావరకు కొట్టేస్తారు, అన్నీ దొంగ కేసులే’ అని. పోలీసులు కేసు మూసినప్పుడు ‘అబద్ధం’ అని తేల్చినవి వేరు, ‘నిజమే కానీ సాక్ష్యం చాలలేదు’ అన్నవి వేరు. నివేదికలోనే వేర్వేరు గడులున్నాయి. కోర్టులో వీగిపోయిన కేసైతే ఈ రెండూ కాదు. వాదించేవాళ్లు ఈ మూడింటినీ కలిపేస్తారు. మా కోర్టు వరండాల్లో రోజూ వినే వాదనే ఇది.

పేరు సంగతి. ఎన్‌సీఆర్‌బీ నివేదికలోనూ సర్వేలోనూ అంకెలే తప్ప పేర్లుండవు. జాగ్రత్త పడాల్సింది వేరేచోట. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎఫ్‌ఐఆర్‌లను వెబ్‌సైట్‌లో పెట్టాలి, సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న శిక్షా నిబంధన లైంగిక నేరాలకే గానీ సెక్షన్ 85కు లేదు. రేపు ఎఫ్‌ఐఆర్ ఇవ్వాల్సి వస్తే, దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టవద్దని అప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఆ నిర్ణయం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి తీసుకోవాలి. డీవీసీలో అయితే సెక్షన్ 16 కింద విచారణ తలుపులు మూసి జరపమని మేజిస్ట్రేటును కోరవచ్చు.

మీ జిల్లాలో ఏడాదికి ఎన్ని డీఐఆర్‌లు రాశారో తెలుసుకోవాలని ఉంటే మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అంకెలు అడిగితే ఇస్తారు, పేర్లు ఇవ్వరు.

దానికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. గృహ హింస చట్టం సెక్షన్ 24 ప్రకారం ఉత్తర్వు ప్రతిని కోర్టు మీకూ, మీ పరిధిలోని పోలీసు స్టేషన్‌కూ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌కు చేరిందో లేదో కనుక్కోండి. చేరకపోతే మీ ప్రతి జిరాక్స్ ఇచ్చి, రసీదు తీసుకోండి. మీవారు ఉత్తర్వును మీరితే సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, బెయిలు హక్కుగా రాదు.