మామయ్య ఫ్యాక్టరీ మూతపడిందని మేనల్లుణ్ణి ఆపాలా?

ప్రశ్న: మాది హిందూపురం. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాడు. ఒక కార్ల ఫ్యాక్టరీ నుంచి ట్రైనీగా పిలుపు వచ్చింది, 20వ తేదీలోగా చేరాలి. మా బావమరిది చెన్నై దగ్గర ఇలాంటి ఫ్యాక్టరీలోనే పదేళ్ళు చేశాడు. అది మూతపడి రోడ్డున పడ్డాడు. అందుకే అబ్బాయిని బెంగళూరులో ఆరు నెలల ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. ఫీజు లక్షా ఇరవై వేలు. రెండింటిలో ఏది మేలు?

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, బావమరిది బదులు బాబాయి ఉంటాడు, అంతే. కోర్సా, ఉద్యోగమా అని అడిగారు గానీ, నలభై ఏళ్ళు వచ్చేసరికి నా కొడుకూ ఇంట్లో కూర్చుంటాడేమో అన్నది కదా మీ దిగులు?

ఫ్యాక్టరీ పేరు మీరు రాయలేదు. చెన్నై దగ్గర అంటే ఎవరికైనా మరైమలై నగర్‌లోని ఫోర్డే గుర్తొస్తుంది. భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నామని ఆ కంపెనీ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. దాదాపు 4,000 మందిపై దెబ్బ పడింది. గుజరాత్‌లోని వాళ్ళ సాణంద్ ఫ్యాక్టరీకి అప్పటికి ఏడేళ్ళు కూడా నిండలేదు. పనివాళ్ళ చేతకానితనం కాదు, కంపెనీకి పదేళ్ళుగా పేరుకున్న నష్టాలు. సాణంద్‌ను టాటాల ఎలక్ట్రిక్ కార్ల విభాగం కొని, 2023 జనవరిలో చేతికి తీసుకుంది, అర్హులైన ఉద్యోగులకు పని ఇవ్వజూపింది. చెన్నై ఫ్యాక్టరీ అమ్ముడుపోలేదు. అక్కడివాళ్ళు మెరుగైన పరిహారం కోసం సమ్మె చేశారు, 2022 జులైలో చివరి కారు బయటికి వచ్చింది.

సాణంద్ సంగతి మళ్ళీ చదవండి. ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ పని ఇస్తానన్నది అంతవరకూ పెట్రోలు, డీజిలు కార్లు బిగించినవాళ్ళకే. ఎలక్ట్రిక్ కారులో ఇంజను, పొగగొట్టం ఉండవు, నిజమే. కానీ రేకు నొక్కాలి, వెల్డింగ్ చేయాలి, రంగు వేయాలి, బ్రేకులు బిగించాలి. మీరు చెప్పిన కోర్సు లాంటివి రెండు మూడు దగ్గరగా చూశాను. ఒకచోట పాతిక మంది పిల్లలకు బల్ల మీద ఒకే ఒక్క బ్యాటరీ ప్యాకు, దానికి 'ముట్టుకోరాదు' అని చీటీ! స్టైపెండ్ ఇచ్చి పని నేర్పుతామనేవాళ్ళంటే మీకు భయం, లక్ష తీసుకుని బొమ్మలు చూపించేవాళ్ళంటే నమ్మకం. ఇదేం లెక్క? పిల్లవాడి భవిష్యత్తుకన్నా, కోర్సు పేరు చుట్టాలకు చెప్పుకోవడానికి బాగుందన్న ముచ్చటే ఇందులో కనిపిస్తోంది. కోపం వస్తే రానివ్వండి.

ఆ మధ్య ఆరేళ్ళ అనుభవమున్న కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. ఏం పని చేసేవాడివి అంటే 'తలుపుకు రబ్బరు బీడింగ్ వేసేవాణ్ణి సార్' అన్నాడు. బొటనవేలి మీద కాయ కాసి ఉంది. నిమిషానికో కారు, ఆరేళ్ళూ ఆ తలుపే. లైను ఆగిపోయాక ఆ నైపుణ్యం ఎవరికి కావాలి? అదే లైనులో మెయింటెనెన్సు చూసినతను బిస్కెట్ల ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. కన్వేయర్ ఎందుకు ఆగిందో కనిపెట్టడం అతనికి వచ్చు, దాని మీద కారున్నా బిస్కెట్టున్నా ఒకటే.

కాబట్టి పంపండి. ఫ్యాక్టరీలు మూతపడతాయి, కొత్తవీ వస్తాయి. మీ పక్కన పెనుకొండలో పదిహేనేళ్ళ కిందట కియా ఉందా? పని తెలిసిన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒక ఫ్యాక్టరీ మూతపడినంత మాత్రాన మునిగిపోడు. ఈసెట్ రాసి ఇంజినీరింగ్‌కు వెళ్ళాలనుకున్నా, వచ్చే ఏడాదీ ఆ పరీక్ష ఉంటుంది.

అయితే కళ్ళు మూసుకుని సంతకం పెట్టవద్దు. నియామక పత్రం కంపెనీ ఇస్తుందా, కాంట్రాక్టరు ఇస్తాడా? శిక్షణ ఎన్నాళ్ళు, ఆ తర్వాత పర్మనెంటు చేసింది ఎందరిని? ఏడాదికోసారైనా విభాగం మారుస్తారా? వెల్డింగ్ రోబోల దగ్గరకో మెయింటెనెన్సుకో వెళ్ళే అవకాశం ఉందా? పనిలోంచి తీసేస్తే ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల సగటు వేతనమన్న చట్టప్రకారం పరిహారం కూడా అప్రెంటిసుకు వర్తించదు. అందుకే ఆ కాగితం మీద ట్రైనీ అని రాశారా, అప్రెంటిస్ అని రాశారా అన్నది ముఖ్యం.

ఇంత రాశారు గానీ అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. 20వ తేదీకి ముందే ఈ ప్రశ్నలు వాడితోనే ఫోను చేయించి అడిగించండి, మీరు పక్కన కూర్చుని అందించకుండా.