మోసం చేసి వెళ్లినవాడికి కూడా కృపేనా?

మీ సంఘంలో, అంటే చర్చిలో, డబ్బు ఎగ్గొట్టి పారిపోయిన మనిషి తిరిగొచ్చి దేవుడు తనని మార్చాడని సాక్ష్యం చెబితే అందరూ చప్పట్లు కొట్టారనీ, మీకు మాత్రం కడుపు మండిపోయిందనీ రాశారు. ‘ఇలాంటివాళ్లకి కూడా కృప (అర్హత లేకపోయినా చూపే దయ) ఇవ్వాలా, నా విశ్వాసంలోనే లోపం ఉందా’ అని అడిగారు.

ఆ కడుపుమంట బైబిల్లోనే ఉందండి. మత్తయి 20వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో ద్రాక్షతోట యజమాని కూలీని అడిగే మాటే అది: ‘నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?’ పొద్దున్నుంచి ఎండలో పనిచేసినవాడికీ, సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ ఒకటే దేనారం, అంటే ఒక రోజు కూలి, ఇచ్చాడు. అది కూడా చివర వచ్చినవాళ్లకి ముందు ఇప్పించాడు. పొద్దుటివాళ్లకి ముందు ఇచ్చి పంపేస్తే గొడవే ఉండేది కాదు. వాళ్ల కళ్లముందే ఇప్పించాడంటే అది చూడాలనే అనుకున్నాడేమో.

మా కథ చెబుతాను. మాది విశాఖలో మల్కాపురం. నాన్న పోర్టులో కలాసీగా చేసి రిటైరయ్యారు. ఆ డబ్బులో 2 లక్షల 40 వేలు అమ్మ ఒకాయన దగ్గర చీటీ వేసింది. బయటివాడు కాదు, మా సంఘంలోనే ఆదివారం హార్మోనియం వాయించేవాడు. 2011లో ఒకరోజు ఇంటికి తాళం వేయకుండానే, పెళ్లాం పిల్లల్ని వదిలేసి ఊరొదిలి పోయాడు. అక్క పెళ్లికి అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. అవి మళ్లీ ఇంటికి రాలేదు. ఆ మూడేళ్లూ ఆయన భార్య ఎదురైతే నేను తల తిప్పుకుని వెళ్లేవాణ్ణి. ఆవిడ చేసిన తప్పేమీ లేదని తెలిసే తిప్పుకున్నాను.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. మాది స్లాబు ఇల్లు, వాళ్లది రేకుల ఇల్లు. రేకులు లేచిపోయాక ఆవిడ ఇద్దరు పిల్లల్ని పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. నేను తలుపు తీయడానికి లేవలేదు. అమ్మే తీసింది. ‘ఆళ్ల నాన్న చీటీ ఎత్తుకుపోతే పిల్లలేటి చేసార్రా’ అంది నాతో. కరెంటు లేని ఆ రోజుల్లో మా బియ్యమే అందరం వండుకు తిన్నాం. నేను వాళ్లతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆయన 2018లో తిరిగొచ్చాడు. సన్నబడ్డాడు, షుగరు. పాస్టరు అయ్యగారితో మాట్లాడాడు, కొన్ని నెలలు వెనక బెంచీలో కూర్చున్నాడు. తర్వాత ప్రభువు బల్లలో, అంటే యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనలో, పాలుపంచుకోనిస్తామన్నారు. అప్పుడు నేను సంఘంలో పరిచారకుణ్ణి. గ్లాసుల ట్రే వరసల వెంట నేనే తీసుకెళ్లాలి. ముందురోజు రాత్రి నిద్రపట్టలేదు, వేరేవాళ్లని పెట్టుకోమని చెప్పేద్దామా అనుకున్నాను. చెప్పడానికి సిగ్గేసింది. అంతే తప్ప ఏదో పెద్ద ఆత్మీయత వల్ల వెళ్లానని అనుకోకండి.

ఆయన వరస దగ్గరికి వచ్చాను. ఆయన తలెత్తలేదు. ఆ గ్లాసుల్లో ద్రాక్షరసం పొద్దున నేనే పోశాను, అన్నిట్లో ఒకటే కొలత. ట్రే చాచాను. ఆయన తీసుకున్నాడు. నాకు కన్నీళ్లు రాలేదు, గుండె తేలికపడలేదు. చెయ్యి మాత్రం వణికింది.

ఇంటికొచ్చాక ఆ ఉపమానం మళ్లీ చదివాను. చిన్నప్పటి నుంచి ఆ కథలో నన్ను నేను పొద్దుటి కూలీగానే చూసుకున్నాను. పుట్టిందే సంఘంలో కదా, సండే స్కూల్లో ప్రైజులు కూడా వచ్చాయి. అయిదింటి కూలీల్ని సోమరిపోతులనుకునేవాణ్ణి. మన ఊళ్లో కూలీల అడ్డా దగ్గర చూడండి: మేస్త్రీలు ముందు ఒంట్లో బలం ఉన్నవాళ్లని ఏరుకుంటారు. పదింటికి ఇంకా తాపీ పట్టుకుని నిలబడేది ముసలివాళ్లూ, రోగిష్టివాళ్లూ. ‘ఎవరూ మమ్మల్ని పిలవలేదు’ అని ఆ కథలో వాళ్లు చెప్పేది కూడా అదే. మా హార్మోనియం ఆయన అలాంటివాడని అనను, ఆయన దొంగతనం దొంగతనమే. కానీ పొద్దున్నే వచ్చానన్నది నా గొప్పతనం కాదు, అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

ఇప్పుడు డబ్బు సంగతి. చాలామంది దీన్ని దాటేస్తారు. కృప చూపడమంటే అప్పు మాఫీ అని లేదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు ముందే వెళ్తానన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు సణిగారు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాతే. లూకా 19 ఆ వరసలో చదవండి. మా సంఘంలో ఆయనకి బల్ల ఇచ్చారు గానీ కానుకల లెక్క మాత్రం ఇవ్వలేదు, ఇవ్వకూడదని నేనే గట్టిగా అన్నాను. ఈ రోజుకీ అదే అంటాను. మీ సంఘంలో చప్పట్లతో సరిపెట్టేసి బాకీ ఊసెత్తకపోతే, మీరు అడగడం తప్పు కాదు. పెద్దల ముందు కూర్చుని నెలకింత అని రాయించుకోండి.

మాకు నెలకి 2 వేలు ఇస్తానన్నాడు. కొన్ని నెలలు ఇస్తాడు, కొన్ని ఎగ్గొడతాడు. అమ్మ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటుంది. ఇంకా లక్షా పదివేలు ఉంది. మొన్న నెల రాలేదని అమ్మే వాళ్లింటికి వెళ్లింది అడగడానికి. వెళ్తూ వెళ్తూ గిన్నెలో చేపల పులుసు పట్టుకెళ్లింది.